కోతమిల్లులు: నాడు – నేడు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. 1968 నుంచి 2003 దాకా, ముప్పైయయిదేళ్ళు, ఒక కోతమిల్లులో దుంగలు కొలిచి లెక్కలు రాసిన గుమాస్తాను. “మనవాళ్ళు తరతరాలుగా బతికిన వృత్తి గురించి ఒక పూట మాట్లాడండి” అని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఇంతమంది చదువుకున్నవారుండగా నన్నెందుకు అనుకున్నాను. తరువాత ఈ రాజమండ్రిలో మన సభ్యుల ఇళ్ళు ఒక్కొక్కటే తలుచుకుంటే, తాతో తండ్రో మేనమామో కలప పని చెయ్యని ఇల్లు వెతికితేగాని దొరకలేదు. వడ్రంగం, రంపకోత, కట్టెల అడితి, పెట్టెల తయారీ, ఏదో ఒకటి. అందుకని ఒప్పుకున్నాను.

ఒప్పుకోవడానికి ఇంకో కారణం కూడా వున్నది. రంజానుకు ముందు ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. వాళ్ళ నాన్న నేను పనిచేసిన మిల్లులోనే ట్రాలీ తోసేవాడు. “చాచా, ఒక పాత కోతమిల్లు అమ్మకానికి వుంది. లైసెన్సు వుంది. సంఘంలో అప్పు పెట్టుకుందామనుకుంటున్నాను, మీరేమంటారు?” అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చెప్పలేకపోవడానికి లోపల ఒక కారణం వుంది, అది తరువాత చెబుతాను. వాడికి రెండు మూడు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పినదే ఇప్పుడు మీ ముందు చెబుతున్నాను.

మా అబ్బా రంపకోత మనిషి. మిల్లు రంపం కాదు, చేతి రంపం. ఈ కాలపు పిల్లలకు అది ఎలా వుండేదో తెలియదు. నిలువెత్తు గొయ్యి తవ్వి, దానిమీద అడ్డంగా దుంగను పరిచేవారు. బొగ్గునీళ్ళలో ముంచిన దారంతో గీత కొట్టేవారు. ఒక మనిషి దుంగమీద, ఒక మనిషి గోతిలో. పైవాడు రంపాన్ని గీత తప్పకుండా నడపాలి, కిందివాడు లాగాలి. పొట్టంతా కిందివాడి మొహంమీదే పడుతుంది. మా అబ్బా పన్నెండేళ్ళు గోతిలో వుండి, తరువాత పైకి వచ్చాడు. “పైకి రావడమంటే నాకు తెలిసిన ప్రమోషను అదొక్కటే” అనేవాడు. కూలి కోసిన అడుగుల లెక్కన ఇచ్చేవారు. ఇద్దరు మనుషులు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కష్టపడితే ఒక మోస్తరు టేకు దుంగ నాలుగైదు పలకలయ్యేది.

ఆ దుంగలు ఎక్కడివి? గోదావరి తెచ్చినవి. పైన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి, ఈ నదులన్నీ టేకు అడవులలోంచి వస్తాయి. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. అక్కడినుంచి పాపికొండల మధ్యగా తెప్పలు దిగేవి. ఒక సంగతి చాలామందికి తెలియదు, పచ్చి టేకు నీళ్ళలో తేలదు, మునుగుతుంది. బర్మాలో అందుకే చెట్టు మొదట్లో చుట్టూ బెరడు, తెల్లచెక్క తీసేసి, నిలువునా రెండు మూడేళ్ళు ఎండబెట్టి అప్పుడు నరికేవారు. మనవైపు బరువైన దుంగలకు వెదురు కట్టలు ఆసరా కట్టి తేల్చేవారని అబ్బా చెప్పేవాడు. తెప్పమీదే పొయ్యి, తెప్పమీదే పడక. ఇక్కడికి చేరాక కొంత ఇక్కడే కోతకు పోయేది, కొంత ధవళేశ్వరం లాకులు దాటి కాలువల మీదుగా కాకినాడకు, కోరంగికి. కోరంగి, తాళ్ళరేవు వైపు చెక్క ఓడలు కట్టే పనివాళ్ళకు మన టేకే ఆధారం.

మా అబ్బాకు తెలిసిన చెట్ల పేర్లు నాకు రావు. టేకు గుమ్మాలకు, జిట్రేగి కుర్చీలకు మంచాలకు, వేగిస కిటికీలకు, మద్ది దూలాలకు, తుమ్మ బండిచక్రాలకు, ఇట్లా ఏ పనికి ఏ చెక్కో ఆయనకు వాసన చూస్తే తెలిసేది. ఇవాళ మన వడ్రంగి కుర్రవాళ్ళకు ప్లైవుడ్డు మందాలు తెలుసు, పన్నెండు, పద్దెనిమిది, పందొమ్మిది మిల్లీమీటర్లని. తప్పుపట్టడం లేదు. ఏది చేతికొస్తే దాన్నిబట్టే జ్ఞానం.

ఇక కొంచెం చరిత్ర. అడవి కలప తగ్గిపోవడం మొన్న మొదలైన సంగతని మనం అనుకుంటాం, అది నిజం కాదు. ఇంగ్లీషువాళ్ళు రైలుమార్గాలు వేసిన రోజులనుంచే మొదలైంది. మైలు పట్టాలకు సుమారు 1,800 నుంచి 2,000 స్లీపర్లు కావాలి. చెక్క స్లీపరు మన ఎండకు, చెదలకు పదేళ్ళు ఆగితే గొప్ప. అంటే ఒకసారి వేస్తే అయిపోయే పని కాదు. 1856లో మద్రాసు రాజధానికి క్లెగ్‌హార్న్ అనే డాక్టరును అడవుల అధికారిగా పెట్టడానికి ఈ భయమూ ఒక కారణం. అంతకు ముందే 1840లలో మలబారు కలెక్టరు కానొలీ, చాతు మేనోన్ అనే ఉద్యోగి సాయంతో, నిలంబూరులో టేకు తోటలు పెంచడం మొదలుపెట్టారు. టేకును వరిలాగా నాటి పెంచిన మొదటి పెద్ద తోటలు అవే. నిలంబూరు పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అన్నారు, హద్దురాళ్ళు పాతారు. అడవిలో వుండే కొండరెడ్లు, కోయవారు పోడు చేసుకోవడం నేరమైంది, కంట్రాక్టరు కూపు వేలంపాడి నరకడం మాత్రం వ్యాపారమైంది. 1922–24లో అల్లూరి సీతారామరాజు వెనక మన్యం లేవడానికున్న కారణాలలో ఈ ఆంక్షలు ముఖ్యమైనవి. అటు నిజాం రాజ్యంలోనూ ఇదే కథ. ఆదిలాబాదు అడవులలో కొమరం భీం 1940లో ప్రాణం పోగొట్టుకున్నది కూడా ఈ భూమి, అడవి తగాదాలోనే. అక్కడి టేకు మంచిర్యాల, జన్నారం డిపోలనుంచి వచ్చేది. దానికీ, బల్లార్షా నుంచి వచ్చే “సి.పి. టేకు”కూ మా మిల్లులో ఎప్పుడూ గిరాకీయే.

ఇంకొక దారి సముద్రం దారి. మన కోస్తా జిల్లాలనుంచి వేలమంది రంగూను పోయి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో, కోతమిల్లుల్లో కూలిచేశారు. అక్కడివాళ్ళు మనవాళ్ళను కోరంగీలు అనేవారు. మా తాతగారి తమ్ముడు అట్లా పోయినవాడే. 1930లో రంగూను రేవులో కోరంగీ కూలీలమీద పెద్ద దాడులు జరిగాయి. 1942లో జపాను యుద్ధంతో బతికినవాళ్ళు నడిచి వచ్చారు. ఆయన రాలేదు. ఇంట్లో ఆయన పంపిన బర్మా టేకు పెట్టె ఒకటి వుండేది, మూతకు ఒక్క మేకూ లేదు.

సరే, నా సంగతికి వస్తాను. నేను చేరేటప్పటికి మిల్లులో బ్యాండ్‌సా వచ్చింది. ఇంటి కప్పు ఎత్తున రెండు పెద్ద చక్రాలు, వాటిమీద నాడాలాగా తిరిగే రంపపు బ్లేడు, దానికి ఎదురుగా దుంగను మోసుకుపోయే ట్రాలీ. మా అబ్బా ఇద్దరు మనుషులతో రోజంతా కోసినదాన్ని అది పావుగంటలో కోసేది. గోతి రంపంకంటే సన్నం గనుక పొట్టుగా పోయే చెక్క కూడా తక్కువ. 1974లో అబ్బా రంపం గోడకు తగిలించాడు. ఎవరిమీదా కోపం లేదు. నన్ను మిల్లులో పెట్టింది ఆయనే. “గోతిలో దిగకు, కాగితం దగ్గర కూర్చో” అన్నాడు.

మిల్లులో అందరికంటే మర్యాద సా డాక్టరుకు. బ్లేడు పళ్ళకు పదును పెట్టి, తెగితే అతికి, బిగువు సరిచూసేవాడు. ఆయన లేకపోతే మిల్లు నడవదు. ఆ తరువాత రంపం మేస్త్రీ. చివర ట్రాలీ తోసేవాళ్ళు, పలకలు అందుకునేవాళ్ళు. వేళ్ళు పోయేది వాళ్ళవే. రంపపు పొట్టుకు కూడా గిరాకీ వుండేది. టీ హోటళ్ళన్నీ పొట్టుపొయ్యిలమీదే నడిచేవి, పొద్దున్నే గోనెసంచులు పట్టుకుని వరుసలో నిలబడేవారు.

నా పని కొలత. దుంగ చుట్టుకొలతను నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించాలి. ఆరడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవు అనుకోండి. నాలుగో వంతు ఒకటిన్నర, ఒకటిన్నర ఒకటిన్నరలు రెండుంపావు, పదితో గుణిస్తే ఇరవై రెండున్నర ఘనపుటడుగులు. కానీ బడిలో నేర్పిన వృత్తం లెక్కన వేస్తే ఆ దుంగలో ఇరవై ఎనిమిదిన్నర పైనే వుంటుంది! నూటికి ఇరవై ఒక్క వంతులు కొలతలోనే మాయం. కోతలో పోయే అంచులకని ఈ పద్ధతి పెట్టారంటారు, వ్యాపారమంతా దానిమీదే నడిచింది. కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ ఆ లెక్క తెలిసినవాళ్ళయితే ఎవరికీ నష్టం లేదు. పట్టాభూమిలో నాలుగు చెట్లు అమ్ముకునే కొండరెడ్డికి ఆ లెక్క తెలియదు. “సాయిబూ, నువ్వు చెప్పిందే రాసుకో” అనేవాడు. రాసుకున్నాను.

మా రాష్ట్రంలో కోతమిల్లులకు లైసెన్సు తప్పనిసరి చేసిన నిబంధనలు 1969లోనివి. కలప రవాణాకు పర్మిట్ల నిబంధనలు 1970లోనివి. దుంగ కొసన ఫారెస్టువారి సుత్తి గుర్తు వుండాలి, లారీతో పర్మిటు వుండాలి. కాగితం మీద అంతా సవ్యమే. కానీ ఒకే పర్మిటుమీద పొద్దున ఒక లారీ, రాత్రి ఒక లారీ వచ్చిన రోజులు నేను చూశాను. రెండో లారీని పుస్తకంలో ఎక్కించకపోవడం నా పనే. ఎవరో చేశారని చెప్పను. 1976లో అడవులను రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోకి తెచ్చారు, 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది, 1988 అటవీ విధానం “అడవి ఆదాయంకోసం కాదు, పరిశ్రమలు తమకు కావలసిన కలపను రైతులచేత పెంచించుకోవాలి” అన్నది. మా మిల్లులో ఎవరికీ ఇవేవీ పట్టలేదు. మాకు తెలిసిందల్లా తుర్రలావుటి దుంగలు రావడం తగ్గింది, చేతికందే సన్నపు దుంగలు పెరిగాయి, చేవ తగ్గి తెల్లచెక్క ఎక్కువైంది, అంతే. మిల్లుకు వచ్చే దుంగను చూస్తే అడవి ఆరోగ్యం తెలుస్తుంది, డాక్టరు నాలుక చూసినట్టు.

ఇక్కడ నిలంబూరు మళ్ళీ వస్తుంది. 1995లో టి.ఎన్. గోదవర్మన్ తిరుముల్‌పాడ్ అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆయన ఆ నిలంబూరు కోవిలకం కుటుంబంలోనివారే. నీలగిరి జిల్లా గూడలూరు వైపు అడవి నరికేస్తున్నారని ఫిర్యాదు. ఒక మూల అడవి గురించి వేసిన దరఖాస్తును కోర్టు దేశమంతటికీ విస్తరించింది. 1996 డిసెంబరు 12న వచ్చిన ఉత్తర్వు మా వృత్తిని రెండు ముక్కలు చేసింది, దానికి ముందు, దానికి తరువాత. ఎవరి పేరున వున్నా సరే, మామూలు మాటల్లో అడవి అనిపించుకునేదంతా అడవేనన్నారు. ఆమోదించిన వర్కింగు ప్లాను ప్రకారం తప్ప ఎక్కడా నరకకూడదన్నారు. కేంద్రం అనుమతి లేకుండా అడవిలో నడిచే మిల్లులు ఆగాలన్నారు. ఈశాన్య రాష్ట్రాలనుంచి కలప బయటికి కదలకూడదన్నారు. అస్సాములో ప్లైవుడ్డు మిల్లులు వరసగా మూతపడ్డాయి. 2002 అక్టోబరులో ఇంకో ఉత్తర్వు వచ్చింది, లైసెన్సు లేని మిల్లులన్నీ వెంటనే మూయాలి, కొత్తవి పెట్టాలంటే కోర్టు వేసిన కేంద్ర సాధికార కమిటీ అనుమతి ముందుగా వుండాలి అని.

ఆ ఉత్తర్వు అన్యాయమా అంటే, నా కడుపు కొట్టినది గనుక అన్యాయమనాలి. అనలేను. రెండో లారీని పుస్తకంలో రాయని చెయ్యి నాది. పైన పాపికొండల అడవి 2008లో జాతీయ పార్కు అయింది, ఆదిలాబాదు వైపు కవ్వాల్ 2012లో పులుల రిజర్వు అయింది. మేము చేసుకుంటూ పోయినట్టే ఇంకో పాతికేళ్ళు చేసివుంటే పార్కు పెట్టడానికి అక్కడ ఏమి మిగిలేదో నాకు బాగా తెలుసు.

మరి అన్యాయం ఎక్కడ జరిగింది? మా మిల్లు 2003లో మూతపడ్డ రోజున జరిగింది. ఇంకా సరిగా చెప్పాలంటే, అంతకు చాలా ముందే, నా బల్లమీద జరిగింది. గ్రాట్యుటీ చట్టం 1972లోది. పదిమంది, అంతకు పైన పనివాళ్ళు వున్నచోట అది వర్తించేది. అయిదేళ్ళు నిండిన మనిషికి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున ఇవ్వాల్సి వుండేది. మా మిల్లులో ఇరవై మందికి తక్కువ ఎప్పుడూ లేరు. హాజరు పుస్తకంలో మాత్రం ఎనిమిది మంది. యజమాని “పదికి లోపల వుండనీ” అన్నాడు, నేను వుంచాను. సా డాక్టరు పేరుంది, మేస్త్రీ పేరుంది, నా పేరుంది. ట్రాలీవాళ్ళు, పలకలు అందుకునేవాళ్ళు రోజుకూలీలు, వారం వారం పేర్లు మారినట్టు వేరే చిట్టామీద రాసేవాణ్ణి. మిల్లు మూసినప్పుడు యజమానికి యంత్రాలు అమ్ముకునే దారి దొరికింది, మర్యాదకొద్దీ నాకూ ఏదో ముట్టింది. పందొమ్మిదేళ్ళు ట్రాలీ తోసిన మనిషి లేబరాఫీసుకు వెళితే, నువ్వక్కడ పనిచేసినట్టు కాగితం ఏదీ అని అడిగారు. ఆయన నా దగ్గరికే వచ్చాడు. “భాయ్, నీ చేత్తో రాసిన కాగితం ఏదైనా వుందా?” అన్నాడు. ఆయన కుడిచేతికి రెండు వేళ్ళు లేవు, అవి పోయిన ఏడు నాకు గుర్తే. కాగితం లేదు. రంజానుకు ముందు మా ఇంటికి వచ్చిన కుర్రవాడు ఆయన కొడుకు. నేను జవాబు చెప్పలేకపోయింది అందుకు.

సరే, ఇప్పుడు కలప ఎక్కడినుంచి వస్తోంది? కలప అయిపోలేదు, చోటు మారింది. 2011 నాటి అటవీ సర్వే నివేదికలో రెండు అంకెలు వున్నాయి. అడవులనుంచి ఏడాదికి వచ్చే కలప దాదాపు 32 లక్షల ఘనపు మీటర్లు. అడవి బయట, అంటే పొలాలు, గట్లు, తోటలు, ఇళ్ళ పెరళ్ళనుంచి రాగలిగినది దాదాపు 4 కోట్ల 28 లక్షలు. ఒకటికి పదమూడింతలు! మన దగ్గర చూడండి, ఒంగోలు, నెల్లూరు తీరమంతా సరుగుడు. కృష్ణా, గుంటూరు, ప్రకాశం మెట్టల్లో సుబాబుల్. భద్రాచలం దగ్గర సారపాక కాగితపు ఫ్యాక్టరీవాళ్ళు 1989నుంచి జామాయిల్‌లో మేలైన చెట్లను ఏరి, కొమ్మలనుంచి మొక్కలు తీసి రైతులకిచ్చారు. అవి నాలుగేళ్ళకే కోతకొస్తాయి, నరికిన మోడు మళ్ళీ చిగురిస్తుంది. ఒకప్పుడు అడవి వెదురు మింగిన కాగితం మిల్లులు ఇప్పుడు రైతు కర్రమీద నడుస్తున్నాయి. ఈ కర్రకు అడవి కలపకున్నంత పర్మిట్ల బెడద లేదు. 2018లో శ్రీకాళహస్తి వైపు కర్రను పీచుగా చేసి పలకలు వత్తే ఫ్యాక్టరీ కూడా వచ్చింది. ఇందులో ఏదీ మన పాత బ్యాండ్‌సా దగ్గరకు రాదు. కాటామీదకెక్కి, టన్నుల లెక్కన నేరుగా పెద్ద ఫ్యాక్టరీకి పోతుంది.

మిగిలినది ఓడ కలప. 1996 తరువాత దిగుమతులు ఊపందుకున్నాయి. గుజరాతులో కాండ్లా రేవు పక్కన గాంధీధాంలో మిల్లుల ఊరే వెలిసింది. అడవి మైళ్ళ దూరంలో లేని ఎడారిలో కోతమిల్లులు, చూడండి విచిత్రం! బర్మా 2014 ఏప్రిల్ 1నుంచి దుంగల ఎగుమతి మానేసింది. ఇప్పుడు వస్తున్నది ఆఫ్రికా టేకు, దక్షిణ అమెరికా టేకు, గుమ్మాలకు మలేషియన్ సాల్, పెట్టెలకు న్యూజిలాండు పైన్. పేరు టేకే గాని మా అబ్బా చూస్తే వాసన చూసి పక్కన పెట్టేవాడు.

వాడకమూ మారింది. కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో తన కట్టడాలలో కలప వాడకం నిషేధించింది. ఆ నిషేధం 2020లో ఎత్తేశారు గాని, మధ్యలో ఇరవై ఏడేళ్ళలో ఇనుము, అల్యూమినియం, ప్లాస్టిక్కు తలుపులు అందరికీ అలవాటైపోయాయి. రైలు స్లీపర్లు కాంక్రీటు అయ్యాయి. కట్టెల అడితులు, మనవాళ్ళు చాలామంది చేసినవి, 1999లో దీపం పథకంతో గ్యాసు సిలిండరు ఇళ్ళలోకి రావడంతో ఒక్కటొక్కటే మాయమయ్యాయి. ఆడవాళ్ళ కళ్ళకు మేలు జరిగింది, అడితివాడికి నష్టం జరిగింది. రెండూ నిజమే.

టేకు తోటల స్కీముల గురించి కూడా ఒక మాట. 1990లలో వెయ్యి రూపాయలు కట్టండి, ఇరవై ఏళ్ళకు లక్షలు అన్న ప్రకటనలు మీకు గుర్తుండేవుంటాయి. ఈ హాలులో కట్టినవాళ్ళూ వున్నారు, చేతులెత్తమని అడగను. సెబీ 1999లో అట్లాంటి స్కీములకు కట్టడి నిబంధనలు తెచ్చేసరికి డబ్బు తీసుకున్నవాళ్ళలో చాలామంది అయిపులేరు. టేకు నీళ్ళు పెట్టి పెంచితే లావెక్కుతుంది, కానీ పదిహేనేళ్ళ చెట్టును కోస్తే లోపల చేవ కొంచెం, చుట్టూ తెల్లచెక్కే ఎక్కువ. కోతమిల్లులో నెలరోజులు నిలబడిన ఎవణ్ణడిగినా ఉచితంగా చెప్పేవాడు. ఎవరూ అడగలేదు.

ఇక కుర్రవాడికి నేను చెప్పింది. లైసెన్సు కాగితం చూసి ధర కట్టవద్దన్నాను. వెళ్ళి ఆ మిల్లు ఆవరణలో ఏ దుంగలు పడివున్నాయో చూసి, చెట్టు పేరూ వచ్చిన ఊరూ రాసుకు రమ్మన్నాను. రాసుకొచ్చాడు. మామిడి, నిద్రగన్నేరు, వేప, కొంచెం తుమ్మ, నాలుగు చింత మొద్దులు, ఒక పక్క కొద్దిగా మలేషియన్ సాల్. టేకు ఒక్క దుంగ లేదు. వాడి మొహం చిన్నబోయింది. నేను చిన్నబోవద్దన్నాను. మామిడి పెట్టెలకు, సెంట్రింగు పలకలకు గిరాకీ ఎప్పుడూ వుంటుంది. చింత మొద్దు లేకుండా మన మాంసం కొట్లు ఒక్కటైనా నడుస్తాయా? ఇవన్నీ ముప్పై మైళ్ళలో రైతులదగ్గర దొరికే చెట్లు, పులి రిజర్వుకూ కోర్టుకూ సంబంధం లేనివి. అయితే దానిమీద వచ్చే కోతకూలి సన్నం. అప్పు వడ్డీ, కరెంటు, బ్లేళ్ళు పోను ఎంత మిగులుతుందో ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. కొనడానికి సరిపోదు, ఏడాది లీజుకైతే సరిపోతుంది అని తేలింది. లైసెన్సు పేరు మార్పిడికి కాలం పడుతుంది, ఆ ఏడాదిలో అదీ తెలిసిపోతుంది. పచ్చి పలక అమ్మవద్దు, నీడన పేర్చి, మధ్య పుల్లలు పెట్టి, ఆరబెట్టి అమ్ము, అడుగుకు నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని కూడా చెప్పాను.

కొలతలో గుండ్రని లెక్కే వేస్తానన్నాడు. రైతు ముందు టేపు పెట్టి, ఫోనులో లెక్క చూపిస్తాడట. మిల్లులవాళ్ళందరూ పాత పద్ధతిలో కొంటుంటే నువ్వొక్కడివే నూటికి ఇరవై ఏడు ఎక్కువిస్తే ఎట్లా అన్నాను. “ధర తగ్గించి చెబుతాను చాచా, కొలత తగ్గించను” అన్నాడు. వ్యాపారం తెలిసిన మాటే.

సంఘం అప్పు విషయం కార్యవర్గంవారి ఇష్టం, నేను సిఫారసు చెయ్యడానికి లేవలేదు. ఇస్తే మాత్రం ఒక్క షరతు పెట్టమని కోరుతున్నాను. యంత్రానికి బీమా చేయించినట్టే దాని దగ్గర నిలబడే మనుషులకూ ప్రమాద బీమా వుండాలి, పనిచేసే ప్రతి ఒక్కరి పేరూ హాజరు పుస్తకంలో వుండాలి. పదికి లోపల ఆపడం వుండకూడదు.

పుస్తకం నేనే కొనిచ్చాను. వాళ్ళ నాన్న 2011లో పోయారు, ఆయన పేరు రాయడానికి అందులో చోటు లేదు. మొదటి పేజీలో ఇప్పటికి ఆరు పేర్లు వున్నాయి, అందులో ట్రాలీ దగ్గరివి రెండు, వాటిని ముందు రాశాం. ఈ చివర వరుసలో ఆ ఇద్దరూ కూర్చునివున్నారు, వచ్చే నెల ఒకటో తేదీన పనిలోకి వస్తారు.